సేనాని కట్టెలు లెక్కపెట్టింది

జూన్ 3, మంగళవారం

పనులు: అత్తయ్యకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, వీపుకు పౌడరు వేయడం. ఉతుకు రెండు విడతలు. ఆయన చొక్కాలకు గుండీలు. మందుల దుకాణం. వంటింటి సింకు కింద గొట్టం కారుతోంది, ప్లంబరుకు ఫోను చేస్తే "దారిలో ఉన్నానమ్మా" అన్నాడు. పొద్దున్నుంచీ ఆ దారిలోనే ఉన్నాడు. ఇస్త్రీ మిగిలింది.

ఇవన్నీ అయ్యాక కాసేపు నడుం వాల్చి మా ఆడపడుచు చిట్టి రాసిన నూట ఎనభై ఏడో అధ్యాయం చదివాను. చదవకుండా ఇస్త్రీ చేసుకున్నా పోయేది.

అసలు సేనానికి ఏం రోగం వచ్చింది? నేను కాపురానికి వచ్చిన కొత్తలో, చిట్టీ నేనూ ఒకే చాప మీద కూర్చుని చూసిన సీరియల్ అది. సముద్రం ఒడ్డున కోట, ఆ కోటకు ఆడ సేనాని. ఆమె గుమ్మంలో కత్తి దూసి నిలబడిన చోట టీవీ వాళ్ళు ఆపేశారు. మర్నాడు అదే వేళకు ఏదో పాటల కార్యక్రమం వేశారు. ఇద్దరం అన్నం తినలేదు. ఇన్నేళ్ళకు చిట్టి, అభిమానులు కథలు రాసుకునే సైటు ఒకటి చూసి, సేనానిని ఆ గుమ్మంలోంచి నేను కదిలిస్తానని రాయడం మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా రాస్తోంది. మా ఇంట్లో ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఆమె చదవడం, నేను ఉతికిన బట్టలు మడతపెడుతూ వినడం, ఇదీ మా పద్ధతి. తప్పు దొరికితే నేను దుప్పటి ఒక్కసారి విదిలిస్తాను. ఆమె చదవడం ఆపి, "ఏం చేశానమ్మా ఇప్పుడు?" అంటుంది. దిద్దుకున్నాకే ఆదివారం సైటులో పెడుతుంది. ఈసారి తలనొప్పి అని చెప్పి, వినిపించకుండానే పెట్టేసింది. పెట్టిందంతా తప్పులే.

నూట అరవయ్యో అధ్యాయంలో బాణం దిగిన ఎడమ చెయ్యి ఇందులో చక్కగా తాడు లాగుతోంది. తొంభైలో మునిగిన దొంగల ఓడ ఏ మరమ్మతూ లేకుండా తేలింది. కోటలో ఎవరికి అవసరమైతే వాళ్ళకో సొరంగం దొరుకుతోంది. ఎలుకలకు కూడా అన్ని దారులు ఉండవు.

ఇవన్నీ పోనీ అనుకుందాం. జబ్బుపడ్డ పెద్దరాణికి చలి వేస్తోందట. పడవమనిషి పడవను చీల్చి కట్టెలు చేయమని సభవాళ్ళు తీర్మానించారట. ఆ పడవ నడుపుకునే ఆవిడకు పడవే బతుకు. ఆమె సేనాని వంక చూసింది. ఏడు ఓడలకు ఒంటరిగా ఎదురెళ్ళిన సేనాని, మేక కోసం సముద్రంలోకి దూకిన సేనాని, ఏం చేసింది? కొట్టుగదిలోకి వెళ్ళి కట్టెలు లెక్కపెట్టింది. అధ్యాయం అయిపోయింది.

సేనానికి కట్టెల లెక్క ఎందుకు? కొట్టుగది చూసుకునేవాడు చచ్చాడా?

పోయిన వారం చిట్టి ఎదుట అన్న మాటే భోజనాల దగ్గర ఆయన మళ్ళీ ఎత్తారు. చిట్టి ఉద్యోగం మానేస్తే అమ్మకూ బాగుంటుంది, నీకూ ఊపిరాడుతుంది అని. కుళాయి విప్పి గిన్నెలు కడుగుతున్నాను, అప్పటిలాగే సరిగా వినపడలేదు.

జూన్ 5, గురువారం

ఉతుకు. అత్తయ్య. ఉతుకు. ప్లంబరు రాలేదు.

జూన్ 6, శుక్రవారం

సాయంత్రం బావగారూ తోడికోడలూ వచ్చారు. ఉండేది రెండు వీధుల అవతల. అత్తయ్య పడి తుంటి విరిగిన తర్వాత ఇది మూడో రాక. వచ్చినప్పుడల్లా పళ్ళు తెస్తారు. అత్తయ్యకు పళ్ళు నమలడానికి పళ్ళు లేవు.

బావగారు కుర్చీలో సర్దుకుని అన్నారు, "చూడు చిట్టీ, నువ్వు నెలాఖరుకల్లా రాజీనామా ఇచ్చేయ్. మైకులో బస్సుల పేర్లు చదివే పని, నువ్వు కాకపోతే ఇంకోళ్ళు చదువుతారు. అమ్మకు ఇంకోళ్ళు ఉంటారా?"

"నీకేం సంసారమా, పిల్లలా?" అని తోడికోడలు అందుకుంది. "కడుపున పుట్టినదానివి. నువ్వు చూసినట్టు కోడళ్ళు చూస్తారా?"

ఈ మాట నా వంక చూడకుండా అంది. రోజూ తుడుస్తున్నది నేను.

మా ఆయన గోడ వంక చూస్తూ, "అన్నయ్య చెప్పేది కూడా ఆలోచించమ్మా" అన్నారు. ఈయనకు సొంతంగా చెప్పేది ఎప్పుడూ ఉండదు, అన్నయ్య చెప్పేది కూడానే.

చిట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్టాండు చీర ఇంకా మార్చుకోలేదు. "అన్నయ్యా, నాకు ఆ ఉద్యోగం..." అని మొదలుపెట్టి నా వంక చూసింది.

పాలు పొంగుతాయేమోనని నేను లోపలికి వెళ్ళాను. పాలు అప్పటికే దింపేసి ఉన్నాయి. సరే వచ్చాను కదా అని గట్టు తుడిచాను. తిరిగి వచ్చేసరికి మాట అయిపోయింది. అందరూ టీ గురించి మాట్లాడుకుంటున్నారు.

నేనేం అనగలను? వాళ్ళు ఒక తల్లి పిల్లలు. మధ్యలో నేను దూరితే, పరాయింటి పిల్ల వచ్చి చిచ్చు పెట్టిందంటారు. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఇలాంటి వేళల్లో పరాయింటి పిల్లనే.

సొరంగం సంగతి చిట్టిని అడగాలనుకున్నాను. మేడమీది గదికి వెళ్ళిపోయింది.

జూన్ 8, ఆదివారం

నిన్న కూడా వినిపించలేదు. బుట్టెడు బట్టలు మడతపెట్టుకుంటూ ఎదురుచూశాను. మడతలు అయిపోయాయి. ఆమె రాలేదు. ఈ పొద్దున్న సైటులో నూట ఎనభై ఎనిమిది ప్రత్యక్షం.

పడవ చీల్చారు. సేనాని మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి కట్టలు కట్టి, ఒక కట్టకు ఎన్ని వచ్చాయో చెప్పింది కూడా.

వంటింట్లో నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"ఏమిటే ఇది? ఆ మనిషికి వెన్నెముక తీసేశావా?"

"ఏ మనిషికి?"

"సేనానికి. మేక కోసం దూకిన మనిషి పడవ కోసం నోరు విప్పదా? ఎవరు నమ్ముతారు?"

"మేక సముద్రంలో ఉంది వదినా. సభలో లేదు."

"అయితే?"

"అయితే ఏముంది? ఏడు ఓడలంటే తేలిక. అందులో ఒక్కళ్ళూ చుట్టాలు కారు."

గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. ఇదేం సమాధానం? కథ నడపడం చేతకాక మెట్ట వేదాంతం. మనుషులు ఒక పూట పులి, ఒక పూట పిల్లి అయితే అది పాత్ర ఎలా అవుతుంది? నేను ఆరేళ్ళుగా ఎవరికి ఏ చేతికి గాయం, ఏ గుర్రం బతికుంది, ఎవరు ఎవరికి మేనత్త అన్నీ తలలో పెట్టుకుని మోస్తున్నాను. ఎందుకు? ఇలా నన్ను కాదని, వినిపించకుండా పెట్టేయడానికా?

గొట్టం కింద బకెట్ పెట్టాను. రెండుసార్లు ఒంపాను.

జూన్ 10, మంగళవారం

పనులు అయ్యాయి, రాయను.

మధ్యాహ్నం సైటులో అభిప్రాయం పెట్టాను. సైటులో నా పేరు సూదిమొన. ఎప్పుడూ బాగుంది, కొనసాగించండి అని రెండు మాటలు పెట్టేదాన్ని, తప్పులు ఇంట్లోనే చెప్పేదాన్ని కాబట్టి. ఇంట్లో వినకపోతే బజార్లో చెప్పాల్సి వస్తుంది.

పద్నాలుగు తప్పులు అధ్యాయాల నెంబర్లతో సహా పెట్టాను. ఎడమ చెయ్యి, ఓడ, సొరంగాలు, రెండుసార్లు చచ్చిన మంత్రి, గర్భం పదకొండో నెలలో ఉన్న వంటావిడ, అన్నీ. పద్నాలుగోది ఇది: "సేనాని ధైర్యం రచయిత్రికి అవసరమైనప్పుడు వస్తోంది, అక్కర్లేనప్పుడు పోతోంది. పరాయివాళ్ళ ముందు కత్తి దూసి, సొంత కోటలో కట్టెలు లెక్కపెట్టేదాన్ని వీరురాలని ఎవరూ అనరు. పిరికిది అంటారు. ఇలాంటి పిరికిదాని కథ ఇన్నాళ్ళు చదివినందుకు నాకు సిగ్గుగా ఉంది."

పంపేశాక చాలా హాయిగా అనిపించింది. ఆ ఊపులో ఇస్త్రీ అంతా అయిపోయింది.

జూన్ 11, బుధవారం

నూట నలభై లైకులు. "సూదిమొన పిన్ని కుట్టిందంటే కుట్టిందే" అని ఒకరు. "రచయిత్రి గారు విశ్రాంతి తీసుకోవచ్చు" అని ఒకరు. "శాశ్వతంగా" అని దాని కింద ఇంకొకరు. ఆ చివరిది నేను అన్నది కాదు.

చిట్టి రాత్రి భోజనానికి దిగలేదు. బస్టాండులో తినేసిందట.

జూన్ 12, గురువారం

ఇస్త్రీ మధ్యలో ఆపి రాస్తున్నాను.

సైటులో కథ పైన నాలుగు వాక్యాలు పెట్టింది. కాపీ చేస్తున్నాను: "సేనాని ఎందుకు మాట్లాడలేదో నాకూ తెలియదు. నేను కల్పించలేదు, చూసి రాశాను. తెలుసుకోవాలంటే సూదిమొన గారిని అడగండి. కథ ఇంతటితో ఆపేస్తున్నాను."

నన్ను అడగాలట! నన్ను!

అంటే కట్టెలు లెక్కపెట్టేది నేనా? ఆరేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతూ సేనాని ఎలా నిలబడాలో, ఎలా నడవాలో చెప్పింది నేను. గుమ్మంలో నిలబడినప్పుడు మడమ గడపకు ఆనించి నిలబడుతుంది అన్న మాట నాది. నా ఇంట్లో, నా తిండి తింటూ, నన్ను చూసి రాసుకుంటుందా? పైగా పడవమనిషి తానన్నమాట. పడవలో కూర్చున్నవాళ్ళకు ఒడ్డున ఉన్నవాళ్ళ పని ఏం తెలుస్తుంది?

పొద్దున్న ఎనిమిదింటికి చీర కట్టుకుని పోతుంది. ఆమె గొంతు ఊరంతా వింటుంది. నా గొంతు ఎవరు వింటారు? అత్తయ్య ఒళ్ళు తిప్పేది నేను. మలమూత్రాలు ఎత్తేది నేను. మందు చేదని ఉమ్మితే తుడిచేది నేను. నడుం విరిగిపోతోంది. మా పిల్ల హాస్టల్ నుంచి ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడే తీరిక లేదు. ఈ మనిషి ఇంటి పట్టున ఉంటే సగం పని తగ్గుతుంది. తగ్గాలని నేను కోరుకోకూడదా? నేను మనిషిని కానా? నేను నోరు తెరిచి వద్దండీ, ఆమెను మాన్పించకండి అన్నాననుకో, అప్పుడు ఎవరు చెయ్యాలి? నేనే. పొద్దున్నా నేనే, రాత్రీ నేనే, అత్తయ్య పోయేదాకా నేనే.

అందుకే ఊరుకున్నాను. ఊరుకున్నాను, అవును. పాల కోసం వెళ్ళలేదు.

ఇది రాయాలనుకోలేదు.

జూన్ 13, శుక్రవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. పనులన్నీ అయ్యాయి.

జూన్ 15, ఆదివారం

ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళితే చిట్టి తన గది గుమ్మంలో కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. ఎదురుపడ్డాక వెనక్కి తిరగడం బాగోదు. దుప్పటి తీసి, అలవాటుగా విదిలించాను.

"ఏం చేశానమ్మా ఇప్పుడు?" అంది. ఇద్దరికీ నవ్వు రాబోయింది. ఇద్దరం ఆపుకున్నాం.

"నన్ను బజారుకెక్కించావు" అన్నాను.

"ఎక్కింది నువ్వు. నేను నిచ్చెన వేశాను."

"పిరికిదని సేనానిని అన్నాను. నిన్నా నన్నా అన్నాను?"

"సేనానిని అంటే నాకేం కాదనుకున్నావా? ఎవరు శాశ్వతంగా విశ్రాంతి తీసుకోమన్నారో చూశావుగా. డ్యూటీలో చదివాను వదినా అది. చదివి, అదే నోటితో మూడో ప్లాట్‌ఫారం అని చెప్పాను. బస్సు అయిదులో ఉంది. ఒక పెద్దాయన మూటలతో సహా పరుగెత్తి వచ్చి కిటికీ దగ్గర నన్ను తిట్టాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి."

గుడ్డల క్లిప్పులు ఏరుకున్నాను.

"రాజీనామా టైపు చేయించాను. సోమవారం కాదు, పై సోమవారం ఇస్తా. మా సూపర్‌వైజరు సెలవులో ఉన్నాడు."

"నీకు ఇష్టం లేకపోతే వాళ్ళకు చెప్పొచ్చుగా."

"చెప్పబోయానుగా! ఇంట్లో ఎవరు వింటారు నా మాట? మైకు ఉంటే ముసలాళ్ళు కూడా పరుగెత్తుతారు. ఇక్కడ మా అన్నయ్య కుర్చీ కూడా కదలదు." గోళ్ళ కత్తెర పక్కన పెట్టి అంది, "నువ్వు నాకోసం కత్తులు దూయక్కర్లేదు వదినా. నేను మాట్లాడుతుంటే పాల కోసం వెళ్ళకు. అంతే నేను నీ దగ్గర కోరేది. ఒక మాట పూర్తయ్యేదాకా కూర్చుంటే చాలు."

బట్టలు తీసుకుని దిగిపోయాను. నాకు కోపం వచ్చింది. అంత చిన్నది కోరితే మనిషికి కోపం రాదా? పెద్దది ఏదైనా అడిగితే కుదరదనేదాన్ని.

జూన్ 17, మంగళవారం

అత్తయ్య ఒళ్ళు తుడుస్తుంటే అడిగింది, "ఏమే, మీ ఇద్దరూ మాట్లాడుకోవట్లేదా? పైనా కిందా తలుపులు దబదబా పడుతున్నాయి. తుంటి విరిగింది కానీ చెవులు బాగానే ఉన్నాయి నాకు."

"మీ అమ్మాయి ఉద్యోగం మానేస్తోంది. మిమ్మల్ని చూసుకోవడానికి."

"నన్నెవరైనా అడిగారా?"

"మీకేం కావాలో చెప్పండి మరి."

"నాకు కావాల్సింది లేచి నడవడం. ఇస్తావా?" అని గయ్యిమంది. "దానికి నా నస పడదు. నాకు దాని ఏడుపు ముఖం పడదు. పొద్దస్తమానం ఎదురుబొదురు కూర్చుంటే రెండో తుంటి కూడా విరుగుతుంది."

"అయితే ఆ మాట మీ కొడుకులకు చెప్పండి."

"చెబితే ఎవరు చేస్తారే?"

"కొడుకులు చేస్తారు."

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఛీ. మగపిల్లలతోనా? సిగ్గులేదూ?"

"ఒళ్ళు తుడవమనడం లేదు అత్తయ్యా. దిండు సర్దడానికి, మందు పోయడానికి, పక్కకు ఒత్తిగిలించడానికి సిగ్గెందుకు? మిగతావాటికి నర్సును పెట్టుకోమని డాక్టరే చెప్పాడు. మీ పెద్దబ్బాయి వినిపించుకోలేదు."

గోడవైపు తిరిగి పడుకుంది, తిరగగలిగినంత. అంటే తల ఒక్కటే. నాకు ఈమె మీద కూడా కోపం వచ్చింది. అందరి మీదా వచ్చింది. కానీ ఈ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే. నన్నెవరైనా అడిగారా? నన్నూ ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

జూన్ 18, బుధవారం

ప్లంబరు వచ్చాడు. గొట్టం మార్చాడు. "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారమ్మా?" అన్నాడు. అడిగే అర్హత ఉందా వీడికి!

జూన్ 20, శుక్రవారం

నెమ్మదిగా రాయాలి. అన్నీ వరుసగా రాయాలి.

సాయంత్రం బావగారూ తోడికోడలూ మళ్ళీ పళ్ళతో వచ్చారు. రాజీనామా కాగితం చిట్టి చేతిలో ఉంది. బావగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇంగ్లీషు బాగానే ఉంది" అన్నారు.

చిట్టి అంది, "అన్నయ్యా, ఇవ్వబోయే ముందు ఒక మాట చెప్పాలి. నాకు ఆ ఉద్యోగం ఇష్టం."

"ఇష్టం ఏముందే, బస్సులే కదా..." అని తోడికోడలు మొదలుపెట్టింది.

నేను లేవబోయాను. నిజం రాస్తున్నాను, లేవబోయాను. మోకాళ్ళు వాటంతట అవే లేచాయి. మళ్ళీ కూర్చోబెట్టాను.

"అక్కా, ఆమెను చెప్పనివ్వండి" అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. సేనాని గొంతు ఎప్పుడూ అలా వచ్చినట్టు మేము రాయలేదు.

చిట్టి మొత్తం చెప్పింది. అంత బాగా ఏం చెప్పలేదు. మధ్యలో ఏడ్చింది, పింఛను గురించి ఒకటి తప్పు చెప్పింది. కానీ చివరిదాకా చెప్పింది. ఉద్యోగం మాననని, సాయంత్రాలూ సెలవు రోజులూ అమ్మను చూస్తానని, పగటికి నర్సును పెడదామని, మిగతాది అన్నలు పంచుకోవాలని.

"పంచుకోవడమేమిటి?" అన్నారు బావగారు. "మగాళ్ళం ఏం చేస్తాం? పైగా నాకు నడుంనొప్పి."

"పాపం, ఆయనకు రాత్రుళ్ళు పక్క మీద కదలడమే కష్టం" అని తోడికోడలు.

"నడుంనొప్పి నాకూ ఉందక్కా" అన్నాను. "దానికి ఎవరూ ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళలేదు, అందుకని లేదనుకుంటున్నారు."

మా ఆయన నా వంక వింతగా చూశారు. "ఇవాళ నీకేమైంది?"

"చిట్టి ఉద్యోగం మానితే నేనూ మానేస్తాను."

బావగారు నవ్వారు. "నువ్వేం మానేస్తావమ్మా? నీకు ఉద్యోగం ఏది?"

"అదే చూద్దురుగాని" అన్నాను. సేనానికి ఇలాంటి చోట్ల ఒక మంచి వాక్యం దొరుకుతుంది. నాకు దొరకలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు లోపల్నుంచి అత్తయ్య పిలిచింది. "ఎవరర్రా, దిండు జారింది. మెడ పట్టేస్తోంది."

రోజూ ఆ పిలుపుకు నేను వెళతాను. అందరూ నా వంక చూశారు. నేను కదల్లేదు. తోడికోడలు తన పళ్ళ సంచి వంక చూసుకుంది. చిట్టి లేవబోయింది. ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. గట్టిగా పట్టుకున్నానేమో, గాజు నొక్కుకుంది, అయినా వదల్లేదు.

"ఏమర్రా, చచ్చారా అందరూ?" అని అత్తయ్య.

అంత కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు. పెద్దావిడ మెడ నొప్పి పుడుతుంటే కూర్చోవడం. ఇది ధైర్యమో పాపమో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. ఏడు ఓడలు వచ్చినా ఇంతకంటే నయం.

మా ఆయన లేచారు. అన్నగారి వంక ఒకసారి చూసి, చెప్పుల్లేని కాళ్ళతో లోపలికి వెళ్ళారు. మేమంతా విన్నాం.

"నువ్వెందుకు వచ్చావురా?"

"దిండన్నావుగా."

"అటు కాదురా, తల కిందికి. అయ్యో, అది చెవి. మెల్లిగా! నిన్ను రెండేళ్ళు చంకనేసుకుని తిప్పానురా, నా మెడ పట్టుకోవడం రాదా నీకు?"

"ఇలాగా?"

"ఆఁ. అలా ఉంచు. ఉంచు. ఇప్పుడు ఆ మందు పొయ్యి. గ్లాసులో కాదురా, మూతతో కొలిచి. పెద్దవాడు కూడా వచ్చాడుగా? వాణ్ణీ ఒకసారి ఇటు రమ్మను. పళ్ళు తెచ్చి అక్కడే కూర్చుంటే నాకు ఎలా తినిపిస్తాడట?"

బావగారు లేవడానికి చాలాసేపు పట్టింది. నడుంనొప్పి నిజమే అయ్యుండాలి. కానీ లేచారు.

తర్వాత గంటసేపు మాటలయ్యాయి, కోపాలయ్యాయి. పగటికి నర్సు, ఖర్చు అన్నదమ్ములిద్దరిదీ. రాత్రి పూట ఒత్తిగిలించడం, మందులు మా ఆయన. ఆదివారం మొత్తం బావగారు. తోడికోడలు నాతో మాట్లాడకుండా వెళ్ళింది. గుమ్మం దగ్గర చిట్టితో మాత్రం, "మీ వదిన చేత మంత్రం వేయించావు" అంది. పొద్దున్న ఒళ్ళు తుడవడం నర్సు కుదిరేదాకా నేనే చేస్తానని ఒప్పేసుకున్నాను. ఎవరూ అడక్కముందే ఒప్పుకున్నాను. సేనానైతే ఒప్పుకునేది కాదు. ఏం చేస్తాం.

రాజీనామా కాగితం చిట్టి నాలుగు మడతలు పెట్టి, గ్యాసు పొయ్యి కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద దోపింది.

జూన్ 22, ఆదివారం

పనులు: అత్తయ్య ఒళ్ళు తుడవడం. వంట. ఉతుకు ఒక్క విడత. మిగతాది బావగారు. మధ్యాహ్నం దాకా మూడుసార్లు ఫోను చేసి తోడికోడలిని "టాబ్లెట్ ముందా, తిండి ముందా?" అని అడిగారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. నన్ను అడగరు. పోనీ.

నిన్న సాయంత్రం చిట్టి బుట్ట పక్కన కూర్చుంది. ఏమీ చదవలేదు. "మళ్ళీ మొదలుపెడతావా?" అన్నాను. "ముందు ఎడమ చెయ్యి సంగతి సరిచెయ్యాలి" అంది. "ఓడ కూడా" అన్నాను. "ఓడ సంగతి నీకెందుకు? నువ్వు సభలో కూర్చో చాలు" అంది. వెక్కిరింత.

నేను అందరిలో అన్నాను కాబట్టి అందరిలోనే చెప్పాలి. ఇంట్లో క్షమాపణ చెప్పి బజార్లో మాట అలాగే ఉంచితే, అది మళ్ళీ కొట్టుగదిలో దూరడమే. మధ్యాహ్నం సైటులో, మూసేసిన కథ కింద రాశాను:

"నేను చూపిన పద్నాలుగు తప్పుల్లో పదమూడు తప్పులే. వాటిని వదలను. పద్నాలుగోది నా తప్పు. పరాయివాళ్ళ మీద కత్తి దూసి ఇంట్లోవాళ్ళ ముందు నోరు మూసుకునే వీరులు ఉంటారు. నాకు ఒకామె బాగా తెలుసు. రచయిత్రి ఆమెను ఉన్నదున్నట్టు రాసింది. అది చదివి నాకు కోపం వచ్చింది, అందుకు రాత సరిగా లేదని సాకు చెప్పాను. పిరికిది అన్న మాట వెనక్కి తీసుకోను, అది రచయిత్రికి మాత్రం తగలదు."

గంటలోపే "సూదిమొన పిన్ని అమ్ముడుపోయింది" అని ఒకరు. "రచయిత్రి చుట్టమా?" అని ఇంకొకరు.

అవును, ఆడపడుచు అని జవాబిచ్చాను.

పదో తారీఖున అందరి ముందు అన్న మాట తాలూకు బాకీ, ఈ రోజు అందరి ముందే. చెల్లు.